అపాచి టామ్‌క్యాట్ 8

'''అపాచి టామ్‌క్యాట్ 8''' జావా భాషలో వ్రాసిన వెబ్ అనువర్తనములను నడిపే ఒక స్వేచ్ఛా సాఫ్టువేరు సర్వరు కూర్పు. దీని మొదటి స్థిర విడుదల 2014లో అపాచి సాఫ్టువేర్ ఫౌండేషన్ నుండి వెలువడినది. సర్వ్‌లెట్ 3.1 మరియు జేఎస్‌పీ 2.3 ప్రమాణములకు మద్దతు ఇవ్వడము దీని ప్రధాన విశేషము. అంతగా ప్రచారము పొందని మార్పులు కూడా ఇందులో కొన్ని కలవు. వాటిలో వెబ్ చిరునామాలోని అక్షరములను చదివే పద్ధతి మారడము తెలుగు వంటి భాషలకు మిక్కిలి ముఖ్యమైనది.

== నేపథ్యము ==
టామ్‌క్యాట్‌ను మొదట సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ రూపొందించాడు. 1999లో సన్ సంస్థ దీనిని అపాచికి అప్పగించినది. 7వ కూర్పు వరకు ఈ సర్వరు చిరునామాలోని అక్షరములను, వేరే విధముగా చెప్పనంతవరకు, ఐఎస్ఓ-8859-1 అను సంకేత పద్ధతిలో చదివేది. అది పశ్చిమ ఐరోపా భాషల కొరకు ఏర్పడినది. అందులో ఒక బైటుకు ఒక అక్షరము మాత్రమే ఉండును. తెలుగు అక్షరములకు అందులో చోటు లేదు.

== చిరునామాలో తెలుగు ==
యూనికోడ్‌లోని ప్రతి తెలుగు సంకేతము యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకొనును. ఉదాహరణకు శ్రీ సత్యసాయి జిల్లాలోని మండల కేంద్రమైన సోమందేపల్లి పేరును తీసుకొనవచ్చును. అచ్చులో ఐదు అక్షరములుగా కనిపించే ఈ పేరులో హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు కలిపి 11 సంకేతములు, అనగా 33 బైట్లు ఉన్నవి. బ్రౌజరు ఒక్కొక్క బైటును శాతము గుర్తుతో మొదలయ్యే మూడు గుర్తులుగా మార్చి పంపును. కనుక చిరునామాలో ఈ ఊరి పేరు 99 గుర్తుల పొడవు ఉండును.

పాత కూర్పు ఈ 33 బైట్లను 33 వేర్వేరు ఐరోపా అక్షరములుగా భావించేది. "స" అక్షరపు బైట్లు 224, 176, 184. వీటిని అది వరుసగా స్వరచిహ్నము ఉన్న లాటిన్ "ఎ", డిగ్రీ గుర్తు, సెడిల్లా గుర్తుగా చదివేది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పేర్లు డేటాబేసులో సక్రమముగా ఉన్నప్పటికీ, వెతుకు పెట్టెలో ఆ పేరు తెలుగులో వ్రాసిన వారికి ఫలితములు ఏమియు లేవని సమాధానము వచ్చేది.

ఈ కారణముగా టామ్‌క్యాట్‌పై నడిచే డీస్పేస్ అను డిజిటల్ గ్రంథాలయ సాఫ్టువేరును స్థాపించువారు సర్వరు అమరిక ఫైలులో యూటీఎఫ్-8 అని స్వయముగా చేర్చవలసి ఉండేదని దాని స్థాపన సూచనలలో చెప్పబడినది. భారతీయ విశ్వవిద్యాలయముల సిద్ధాంత గ్రంథములను భద్రపరచే శోధ్‌గంగ కూడా డీస్పేస్ ఆధారముగా నిర్మించబడినదే. ఇటువంటి భాండాగారములలో గ్రంథము పేరును తెలుగులో వెతుకుటకు ఆ ఒక్క పంక్తి అవసరమయ్యేది.

8వ కూర్పులో యూటీఎఫ్-8 అప్రమేయ పద్ధతి అయినది. ప్రమాణమును కచ్చితముగా పాటించవలెనను ఐచ్ఛికమును ఎంచుకున్నచో మాత్రము పాత పద్ధతే కొనసాగును.

== పాత సవరణల వలన ప్రమాదము ==
పాత లోపమును అధిగమించుటకు కొందరు ప్రోగ్రామర్లు తప్పుగా చదవబడిన పాఠమును తిరిగి బైట్లుగా మార్చి, వాటిని యూటీఎఫ్-8గా మరల చదివే పంక్తిని తమ ప్రోగ్రాములలో వ్రాసుకొనేవారు. పాత కూర్పులో ఇది సక్రమముగా పని చేసేది, ఏలయనగా చూపునకు అర్థరహితముగా ఉన్నను బైట్లు చెడిపోలేదు. 8వ కూర్పులో పాఠము ముందే సరిగా వచ్చును. అప్పుడు అదే పంక్తి తెలుగు సంకేతములను ఐఎస్ఓ-8859-1లో ఇముడ్చుటకు ప్రయత్నించి, ప్రతి సంకేతము బదులు ఒక ప్రశ్నార్థకమును ఉంచును. సోమందేపల్లి 11 ప్రశ్నార్థకములుగా మారును. ఆ స్థితిలో డేటాబేసులో చేరిన పేరును తిరిగి రాబట్టుట సాధ్యము కాదు. కావున కూర్పు మార్చునప్పుడు ఇటువంటి పంక్తులను తొలగించుట తప్పనిసరి.

== మారని అంశము ==
ఈ మార్పు చిరునామాకు మాత్రమే వర్తించును. పోస్ట్ పద్ధతిలో పంపిన ఫారము వివరములు సందేశము లోపలి భాగములో వచ్చును. వాటి సంకేత పద్ధతి పేర్కొనబడనిచో 8వ కూర్పు కూడా ఐఎస్ఓ-8859-1నే అనుసరించినది. అందుచేత ఒకే అనువర్తనములో వెతుకులాట సక్రమముగా పని చేసి, నమోదు ఫారము మాత్రము చెడిపోవచ్చును. దీనికి పరిష్కారముగా అక్షర సంకేతమును నిర్ణయించే ఫిల్టరు సర్వరుతోనే లభించును. అయితే వివరములను చదువుటకు ముందే అది పని చేయవలెను. సర్వ్‌లెట్ 4.0ను అమలు పరచిన 9వ కూర్పులో దీనిని అమరిక ఫైలులోనే తెలుపు వీలు కలిగినది. 10వ కూర్పుతో వచ్చే అమరిక ఫైలులో యూటీఎఫ్-8 ముందుగానే వ్రాయబడి ఉన్నది.

== ఇతర మార్పులు ==
* డేటాబేసు అనుసంధానముల నిర్వహణకు కామన్స్ డీబీసీపీ 2వ కూర్పు వాడబడినది. అనుసంధానముల గరిష్ఠ సంఖ్యను, వేచియుండు కాలమును తెలిపే అమరికల పేర్లు మారినవి.
* స్థిర ఫైళ్ళను వేర్వేరు ఫోల్డర్ల నుండి, జార్ ఫైళ్ళ నుండి కలిపి చూపే కొత్త వనరుల ఏర్పాటు వచ్చినది. పాత మారుపేర్ల సౌకర్యము తొలగించబడినది.
* 2016 నవంబరులో వెల్లడైన ఒక భద్రతా లోపమును సరిదిద్దిన 8.0.39, 8.5.8 విడుదలల నుండి, శాతము గుర్తులుగా మార్చకుండా నేరుగా పంపిన తెలుగు అక్షరములు గల చిరునామాను సర్వరు తిరస్కరించును. దీనికి 400 సంఖ్య గల దోష సందేశము వచ్చును.

== మద్దతు ముగింపు ==
8.0 శాఖకు మద్దతు 2018 జూన్ 30న, 8.5 శాఖకు 2024 మార్చి 31న ముగిసినవి. ఆ తరువాత ఈ శాఖలకు భద్రతా సవరణలు విడుదల కావు. 7వ కూర్పు నుండి నేరుగా 9వ కూర్పునకు లేదా తరువాతి కూర్పులకు మారువారికి కూడా పైన తెలిపిన చిరునామా మార్పు వర్తించును.

== ఇవి కూడా చూడండి ==
* యూనికోడ్
* తెలుగు లిపి
* జావా ప్రోగ్రామింగు భాష
* డీస్పేస్