చూరు లేని ఇళ్లు

మన దగ్గర ఇల్లు కొనేటప్పుడు ఈసీ తీయిస్తాం, లింక్ డాక్యుమెంట్లు వకీలుకిస్తాం, వాస్తు చూపిస్తాం. గోడలో ఏముందని ఎవరూ అడగరు; ఇటుకా సిమెంటే కదా. నేనుండే ఆక్లాండ్‌లో చాలా ఇళ్లకు గోడ లోపల ఉండేది చెక్క. ఈ దేశం దెబ్బతిన్నది అక్కడే.

1991లో న్యూజిలాండ్ కొత్త భవన నిర్మాణ చట్టం తెచ్చింది. ఇలాగే కట్టాలని శాసించడం తగ్గించి, కట్టింది సరిగ్గా నిలిస్తే చాలంది. ఆ రోజుల్లోనే మధ్యధరా తీరపు ఇళ్ల మోజు మొదలైంది: చూరు లేని కప్పులు, అతుకు కనబడని నున్నటి గోడలు. ఎండ దేశాల తీరు ఈ వానల ఊరికి ఎలా సరిపోతుంది? పైగా 1990ల నడిమిలో, మందు పట్టించని పైన్ చెక్కను గోడల చట్రాలకు వాడనిచ్చారు. కిటికీ అంచున దూరిన నీళ్లు ఆరే దారిలేక లోపలే నిలిచాయి, చెక్క కుళ్లింది. బయట గోడ మాత్రం తెల్లగా మెరుస్తూనే ఉంది. 2002లో ఈ నీరు దూరే ఇళ్లపై విచారించిన హన్ నివేదిక వచ్చింది. 2009లో ప్రభుత్వం వేయించిన లెక్కలో అలాంటి ఇళ్లు సుమారు 42,000, నష్టం 1,130 కోట్ల డాలర్లు. కట్టి పదేళ్లు దాటితే దావాకూ వీల్లేదు.

"అద్దెకిచ్చేదే కదా, మనముంటామా? ఇన్‌స్పెక్షన్ దండగ" అంటారు మనవాళ్లు. ఇక్కడ ఇళ్లు వేలంలో అమ్ముతుంటారు; పాట ఖాయమైతే షరతులు చెల్లవు కాబట్టి పరీక్ష ముందే చేయించాలి; ఇల్లు దక్కకపోతే ఫీజు పోయినట్టే. అయినా చేయించి తీరాలంటాను. 2019 నాటి నిబంధనలతో అద్దె ఇంట్లో చెమ్మకు జవాబు చెప్పాల్సింది యజమానే. ఇన్‌స్పెక్టర్‌కు ఇక్కడ లైసెన్సు తప్పనిసరి కాదు గనుక, ఎన్‌జెడ్‌ఎస్ 4306 ప్రమాణం ప్రకారం రిపోర్టిస్తారా అని ముందే అడగండి.

నేను కొని అద్దెకిద్దామనుకున్న ఇంటికి రంగు కొత్తగా వేశారు. ఇన్‌స్పెక్టర్ పడకగది కిటికీ కింద తేమ మీటరు ఆనించగానే అది కూత పెట్టింది. గోడ అడుగున ఉన్న చెక్క పట్టీని బొటనవేలితో నొక్కాడు. తడిసిన అట్టలా లోపలికి పోయింది. ఆ కిటికీ కిందే ఒక చంటిపిల్ల మంచం, దాని మీద మడతపెట్టిన చిన్న దుప్పటి. అప్పుడు ఆ ఇంట్లో ఉన్నదీ అద్దెవాళ్లే.

ఆ శనివారం వేలానికి నేను వెళ్లలేదు.