మిఠాయి భయం, రోడ్డు అపాయం

అక్టోబరు 31 సాయంత్రం అమెరికాలోని మన మనవలు కూడా వేషాలు వేసుకొని ఇంటింటికీ మిఠాయిల కోసం వెళ్తారు. "ఎవరైనా విషం కలిపి ఇస్తే?" అని ఇక్కడి నాయనమ్మలకు, అమ్మమ్మలకు దిగులు.

ఆ దిగులు అక్కడివారికీ ఉంది. 1974లో ఆ రాత్రి టెక్సాస్‌లో ఎనిమిదేళ్ల బాలుడు సైనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయాడు. విషం పెట్టింది ముక్కూ మొహం తెలియనివాడు కాదు, కన్నతండ్రి. బీమా డబ్బు కోసం చేశాడు. అతడు ఒక సంఘంలో డీకన్ కూడా! 1984లో అతనికి మరణశిక్ష అమలైంది.

జోయెల్ బెస్ట్ అనే సమాజ శాస్త్రవేత్త దశాబ్దాల వార్తలు వెదికాడు. ఆ రాత్రి తెలియనివారు విషం కలిపి ఇచ్చిన మిఠాయితో ఏ బిడ్డా చనిపోయినట్టు రుజువు దొరకలేదు.

అసలు అపాయం రోడ్డు మీద ఉంది. ఆ సాయంత్రం కార్లు గుద్ది చనిపోయే పిల్లలు మామూలు రోజులకంటే ఎక్కువ. అందుకే వేషానికి వెలుగు పడితే మెరిసే పట్టీ అంటించాలి, చేతికి టార్చిలైటు ఇవ్వాలి. కళ్లకు అడ్డొచ్చే ముసుగు బదులు ముఖానికి రంగు వేయాలి. పెద్దవారు వెంట నడవాలి. మిఠాయిలు ఇంటికి తెచ్చాక ఒకసారి చూసి, కాగితం ఊడినవి పారేస్తే చాలు.

ఈసారి ఫోనులో "మిఠాయి జాగ్రత్త" అనేముందు "రోడ్డు జాగ్రత్త, నాన్నా" అనండి. ప్రభువు మన బిడ్డల రాకపోకలను కాయును గాక. ఆమేన్.