అపో దీవి కథ: కాపలా ఎవరిది, ఆదాయం ఎవరిది?

ఈసారి కొంచెం దూరపు చరిత్ర రాస్తున్నాను, కానీ అది మన చెరువులకు సంబంధించినదే.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఏడాది పొడుగునా పారే నది లేదు. చెరువుల మీదే బతికాం. తూము ఎత్తడం, ఏ మడికి ఎన్ని నీళ్ళో చూడడం నీరుగంటి పని. అందుకు రైతులు పంటలో పాలు ఇచ్చేవారు. చెరువు నిండితే అతనికీ గింజలు, ఎండితే అతనికీ పస్తు. అందుకే కాపలా గట్టిగా సాగింది.

ఫిలిప్పీన్స్‌లో నీగ్రోస్ ద్వీపం పక్కన అపో అనే దీవి ఉంది. చదరపు కిలోమీటరు కూడా ఉండదు. 1970లలో ఆ ప్రాంతంలో డైనమైట్ పేల్చి, సైనైడ్ వాడి చేపలు పట్టేవారు. దాంతో పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి, చేపలు తగ్గాయి, జాలర్లు దూరం పోవాల్సి వచ్చింది.

1979లో సిల్లిమన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా అక్కడివారితో మాటలు మొదలుపెట్టారు. కొంత మేర వేట పూర్తిగా మానేస్తే అక్కడ పెరిగిన చేపలు చుట్టుపక్కలకూ వస్తాయని చెప్పారు. ఊరు నమ్మడానికి మూడేళ్ళు పట్టింది. 1982లో 14 కుటుంబాలు ముందుకొచ్చి సుమారు 450 మీటర్ల తీరానికి కాపలా కాశాయి. 1985లో స్థానిక పాలకులు దాన్ని చట్టబద్ధం చేశారు. 1983 నుంచి 2001 లోపు అక్కడ రెండు ముఖ్యమైన చేపల వర్గాల మొత్తం బరువు మూడు రెట్లయింది.

ఆ చేపలను, పగడాలను చూడడానికి స్కూబా డైవింగ్ చేసేవాళ్ళు వచ్చారు. పడవలు, బస, వంట, అమ్మకాలు ఊరివాళ్ళకు రెండో ఆదాయమయ్యాయి. దిబ్బ బాగుంటేనే అతిథి వస్తాడని పిల్లలకు కూడా తెలిసింది.

1994లో ఆ దేశ ప్రభుత్వం అపోను జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 1999 నుంచి పెత్తనం ఊరి నుంచి ఒక బోర్డు చేతికి పోయింది. నిర్ణయాల్లో తమ మాట చెల్లడం లేదని దీవివాసులు బాధపడ్డారు. ఇది తప్పు మలుపు కాదా అని 2010లో పరిశోధకులూ ప్రశ్నించారు.

ఇక మన పక్కకే వద్దాం. బాగేపల్లి దాటితే చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా వచ్చే కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. వాటిని కొట్టనివ్వరు, చెట్లు నరకనివ్వరు. చూడడానికి జనం వస్తారు.

ఇప్పుడు హెచ్‌.ఎన్‌. వ్యాలీ నీళ్ళతో మన జిల్లా చెరువులు కొన్ని నిండుతున్నాయి. నిండిన చెరువు దగ్గరికి రేపు పడవ షికార్లు, టికెట్లు, టెండర్లు వస్తాయి. ఆ మాట గ్రామసభకు వచ్చిన రోజు మనం ముందుగా అడగాల్సింది రెండే: కాపలా ఎవరిది? టికెట్ డబ్బులో ఊరి పాలు ఎంత? రెండో దానికి జవాబు కాగితం మీద రాసి ఇచ్చాకే సంతకం పెడదాం.