పాత లారీ తక్కువ వేగంలో లాగకపోతే: లోపం కనిపెట్టే క్రమం

బళ్లారి, సిరుగుప్ప, హాలహర్వి, రాయదుర్గం ప్రాంతాల పల్లెలలో పాత లారీ అంటే ఒక కుటుంబానికి భూమితో సమానమైన ఆస్తి. వరి, పత్తి, బ్యాడగి మార్కెట్టుకు వెళ్లే మిరపకాయల బాడుగలతోనే ఇంటి ఖర్చులు, ఫైనాన్సు కంతులు గడుస్తాయి. అటువంటి బండి బరువుతో కదిలేటప్పుడు ఊపు అందుకోక, ఎత్తు వచ్చిన ప్రతిచోటా మొదటి గేరుకు దిగవలసి వస్తే, సాధారణంగా వినిపించే సలహా ఒకటే: పంపు విప్పి డీజిల్ పెంచడం. అనేక సందర్భాలలో ఇది రోగం తెలియకుండా మందు వేయడం వంటిది. ఖర్చు లేని పరీక్షలతో ప్రారంభించి, పంపును చివరికి ఉంచడమే సరైన క్రమం. ఈ వివరాలు లైన్ పంపు గల పాత డీజిల్ ఇంజన్లకు వర్తిస్తాయి. పాత టాటా లారీలలోని 697, 407 బండిలోని 497, లేలాండ్ పాత ఇంజన్లు ఈ కోవకు చెందినవే.

ఏ వేగంలో నీరసం?

మొదట తేల్చవలసిన విషయం ఇది. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని బలంగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒక్కొక్క నొక్కుడుకు ఎక్కువ సమయం పడుతుంది. ఆ వ్యవధిలో అరిగిన రింగుల సందుల నుండి, సరిగా మూసుకోని వాల్వుల నుండి గాలి జారిపోతుంది, వేడి తగ్గుతుంది. వేగం పెరిగితే జారిపోవడానికి వ్యవధి ఉండదు. కనుక తక్కువ వేగంలో మాత్రమే నీరసంగా ఉండి, వేగం అందుకున్న తరువాత బాగా నడిచే బండిలో కంప్రెషన్, టాపెట్లు, నాజిళ్లు, టైమింగ్‌లను అనుమానించాలి.

కింద బాగా ఉండి పై వేగంలో బిగదీసినట్లు ఉంటే, డీజిల్ ఫిల్టరు మూసుకుపోవడం, ఎయిర్ ఫిల్టరు నిండిపోవడం, యాక్సిలరేటర్ రాడ్డు పూర్తిగా తెరుచుకోకపోవడం, ఎగ్జాస్ట్ బ్రేకు రేకు సగం మూసి ఇరుక్కోవడం ముఖ్య కారణాలు.

ఇంజను తప్పు కాని సందర్భాలు

బ్రేకులు పట్టి ఉంటే మంచి ఇంజను కూడా లాగలేదు. కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపిన తరువాత ఒక్కొక్క డ్రమ్ము దగ్గరకు అరచేయి తీసుకువెళితే, పట్టి ఉన్న చక్రం మిగిలిన వాటికంటే ఎక్కువ వేడి కొడుతుంది. డ్రమ్మును తాకరాదు.

క్లచ్ జారుతుంటే ఇంజను శబ్దం పెరుగుతుంది కాని బండి వేగం పెరగదు. చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు వేసి, పై గేరులో పెట్టి క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజను ఆగిపోతే క్లచ్ పట్టు బాగున్నట్లు. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు జారుతున్నట్లు.

చేతులు మారిన బండి అయితే క్రౌన్ పినియన్ కూడా పరిశీలించాలి. మైదానపు రోడ్లలో వేగం కోసం దానిని మార్చిన బండి బరువుతో ఎత్తు ఎక్కలేదు. ఆ లోపానికి ఇంజనులో మందు లేదు.

ఎర్ర దుమ్ము, డ్రమ్ము డీజిల్

సండూరు, తోరణగల్లు రోడ్లలో తిరిగే బండ్లకు ఇనుప ఖనిజపు దుమ్ము పెద్ద శత్రువు. ఎయిర్ ఫిల్టరును పరిశీలించాలి. పేపరు ఫిల్టరును నీటితో కడగరాదు. నూనె తొట్టి రకమైతే అడుగున చేరిన బురదను తీసి, కొత్త నూనె గీత వరకే పోయాలి. ఫిల్టరు దాటిన తరువాత ఇంజనుకు వెళ్లే గొట్టం లోపల శుభ్రమైన గుడ్డతో తుడిస్తే ఎర్ర దుమ్ము అంటకూడదు. అంటితే గొట్టం చీలి గాని, క్లాంపు వదులై గాని ఉంటుంది. ఆ దుమ్మే రింగులను, బోరును అరగదీస్తుంది.

2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలను నిలిపివేసినప్పుడు ఖనిజం మోసే లారీలు వేల సంఖ్యలో పని లేక నిలిచిపోయాయి. గనిలో పనిచేసిన బండిని, ఎక్కువ కాలం నిలిచిన బండిని కొనేవారు ఈ గొట్టం పరీక్షను, కింద చెప్పిన కంప్రెషన్ పరీక్షను తప్పక చేయించాలి.

సరిహద్దులో ధర తేడా వల్ల డీజిల్‌ను డ్రమ్ములలో నిల్వ ఉంచడం కొన్ని ఇళ్లలో అలవాటు. డ్రమ్ములో నీరు చేరే ప్రమాదం ఉంది. ట్యాంకు అడుగు నుండి తీసిన డీజిల్‌ను గాజు సీసాలో రాత్రంతా కదపకుండా ఉంచితే, నీరు అడుగున వేరుగా కనిపిస్తుంది. తరువాత ఫీడ్ పంపు జాలీ శుభ్రం చేసి, ఫిల్టరు మార్చి, హ్యాండ్ పంపు కొడుతూ ఎయిర్ పూర్తిగా తీయాలి. బుడగలు ఆగకపోతే ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్య ఎక్కడో గాలి పీలుస్తున్నట్లు.

పొగ రంగు

నల్ల పొగ: గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువగా పడుతోంది, లేదా నాజిల్ చిమ్మకుండా కారుస్తోంది.

తెల్ల పొగ: డీజిల్ సరిగా కాలడం లేదు. కంప్రెషన్ తగ్గడం, టైమింగ్ వెనుకబడడం కారణాలు. దానితో పాటు రేడియేటరులో నీరు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

నీలి పొగ: ఇంజను ఆయిల్ కాలుతోంది. రింగులు, వాల్వు గైడ్లు, టర్బో చూడాలి.

పొగ లేకుండానే నీరసం: డీజిల్ తక్కువగా అందుతోంది.

ఏ సిలిండరు నిద్రపోతోంది?

ఇంజను నిలకడగా తిరుగుతుండగా, పంపు నుండి నాజిళ్లకు వెళ్లే పైపుల నట్లను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేసి మళ్లీ బిగించే పరీక్ష మెకానిక్కులందరికీ తెలిసినదే. నట్టు వదిలినప్పుడు ఇంజను తడబడితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్లు, తేడా రాకపోతే లోపం అందులోనే ఉన్నట్లు. పైపులో పీడనం చర్మాన్ని చీల్చగలిగినంత ఉంటుంది. అందుచేత చేయి అడ్డం పెట్టరాదు, కళ్లకు అద్దాలు ఉండాలి. కామన్ రైల్ బండ్లలో ఈ పరీక్ష ఎన్నడూ చేయరాదు.

లోపమున్న సిలిండరు నాజిల్‌ను మరో సిలిండరుకు మార్చి చూస్తే విషయం స్పష్టమవుతుంది. లోపం నాజిల్ వెంట వెళితే నాజిల్‌దే తప్పు. అక్కడే ఉంటే టాపెట్టు గ్యాపు, ఆ తరువాత కంప్రెషన్ చూడాలి. గ్యాపు మరీ తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ లోపం తక్కువ వేగంలోనే ముందుగా బయటపడుతుంది. కంప్రెషన్ గేజి పెట్టినప్పుడు అన్ని సిలిండర్ల అంకెలు దగ్గరదగ్గరగా ఉండాలి. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు ఆవిరి బుసబుసమని కొడితే రింగులు అరిగినట్లు భావించవచ్చు.

టర్బో బండ్లు

టర్బో తక్కువ వేగంలో సహజంగానే ఆలస్యంగా అందుకుంటుంది. ఆ ఆలస్యం క్రమంగా పెరిగితే గొట్టాలను, క్లాంపులను పరిశీలించాలి. కొన్ని పంపుల మీద గుండ్రని డబ్బా, దానికి సన్నని గాలి గొట్టం ఉంటాయి. టర్బో గాలి పెరిగినప్పుడే ఎక్కువ డీజిల్ వదలడం దాని పని. లోపలి రబ్బరు పొర చిరిగినా, సన్నని గొట్టం పగిలినా ఇంజను పొగ లేకుండానే నీరసిస్తుంది.

పంపు చివరికే ఎందుకు?

కంప్రెషన్ తగ్గిన ఇంజనుకు డీజిల్ పెంచితే, కాలని డీజిల్ బోరు గోడల మీది ఆయిల్‌ను కడిగి ఆయిల్ పాన్‌లోకి చేరుతుంది. మిగిలిన సిలిండర్లలో వేడి మితిమీరి పిస్టన్ పట్టేయవచ్చు. రెండు నెలలు ఊపు వచ్చినట్లు అనిపించి, తరువాత బోరు పని మీదికి వస్తుంది. సీసపు సీలు తెంచిన పంపును యంత్రం మీద కొలవకుండా సరిచేయడం ఎవరికీ సాధ్యం కాదు. పై పరీక్షలన్నీ ముగిసి, పంపు కప్లింగ్ బోల్టులు జారి టైమింగ్ మారలేదని తేలిన తరువాతనే పంపును కాలిబ్రేషన్‌కు ఇవ్వాలి.

లోపం తేలే వరకు నిండు బరువుతో ఎత్తు రోడ్డుకు వెళ్లరాదు. ఎత్తులో ఇంజను ఆగితే బండి వెనుకకు జారి, వెనుక వచ్చేవారి ప్రాణాలకు ముప్పు తెస్తుంది. వర్క్‌షాపుకు వెళ్లేటప్పుడు ఏ గేరులో, ఎంత బరువుతో నీరసిస్తోంది, పొగ రంగేమిటి, చివరగా ఏమి మార్చారు అన్న నాలుగు విషయాలు కాగితం మీద రాసి ఇస్తే, మెకానిక్కు సగం పని తగ్గుతుంది, అనవసరమైన విప్పుడు కూలి కుటుంబం మీద పడదు.