కొండవాలును కొలిచే భాష

ఉత్తర కాలిఫోర్నియాలో క్లామత్ నది నిటారైన కొండల నడుమ పసిఫిక్ మహాసముద్రం వైపు సాగే దారిలో, దాని మధ్యభాగపు తీరాలే కరుక్ ప్రజల స్వస్థలం కాగా, ఎక్కడం, దిగడం అనే కదలికల్లోని తేడాలు వారి భాషా వ్యాకరణంలోనే పాతుకుపోయాయి. 'కరుక్' అంటే నదికి ఎగువ; దిగువన ఉన్న పొరుగు జాతికి స్థిరపడిన 'యురోక్' అన్న పేరు, దిగువ అనే అర్థమున్న 'యురుక్' అన్న కరుక్ మాట నుంచే వచ్చింది. నదిని విడిచి కొండపైకి పోయే దిక్కు 'మారుక్', కొండ మీది నుంచి నదికి దిగే దిక్కు 'సారుక్'.

1957లో ఈ భాషకు సమగ్ర వ్యాకరణం ప్రచురించిన విలియం బ్రైట్, క్రియాధాతువు చివర చేరి కదలిక ఏ వైపు సాగిందో తెలిపే ప్రత్యయాలను వివరంగా నమోదు చేశారు. వాటిలో 'ఉరా' చాలా ఎత్తుకు చేరడాన్ని తెలిపితే, 'సిప్' మనిషి ఎత్తు వరకో అంతకు తక్కువకో లేవడాన్ని తెలుపుతుంది. దిగేటప్పుడు కూడా ఇదే విభజన పాటిస్తూ, ఎంతో ఎత్తు నుంచి దిగితే 'ఉనిహ్', మనిషి ఎత్తులోపు దిగితే 'ఇష్' చేరుతాయి. అంటే నిలబడిన మనిషి దేహమే ఇక్కడ ఎత్తుకు కొలబద్ద.

ఈ కొలత అవసరం ఇంట్లోనూ కనిపిస్తుంది. 'ఇక్రివ్రామ్' అనే నివాసగృహాన్ని చెక్క పలకలతో కట్టి, నడుమ నేలను గొయ్యిగా తవ్వేవారు; ఒంగి దూరవలసినంత చిన్న గుండ్రని ద్వారం దాటాక, అడుగు ఆనేలా గాట్లు చెక్కిన ఒంటి మొద్దునే నిచ్చెనగా చేసుకుని ఆ గొయ్యిలోకి దిగేవారు. ఇంటి లోపలికి పోవడానికి 'ఫురుక్', బయటికి రావడానికి 'రుపుక్' అని వేర్వేరు ప్రత్యయాలు ఉండటం గమనార్హం.

1850ల తొలినాళ్లలో బంగారం వేటలో వచ్చినవారు కరుక్ గ్రామాలను తగలబెట్టడం, ఆ తర్వాతి తరాల పిల్లలను మాతృభాష నిషిద్ధమైన ఆశ్రమ పాఠశాలలకు తరలించడం వల్ల భాష బాగా క్షీణించింది. బ్రైట్, సుసాన్ గెర్ కలిసి రూపొందించిన నిఘంటువు 2005లో వెలువడగా, వృద్ధ వక్తల దగ్గర ఒక్కొక్క శిష్యుడు కూర్చుని నేర్చుకునే పద్ధతి కూడా ఆచరణలోకి వచ్చింది. పదాల పట్టికను కంఠస్థం చేసినంత మాత్రాన ఈ భాష పట్టుబడదు. ఎక్కే ఎత్తును, నది ఉన్న వైపును గుర్తించి మాట్లాడటం అలవడినప్పుడే కరుక్ వారసత్వం కొత్త తరానికి నిజంగా దక్కుతుంది.