మా ఫియట్‌ని తోసినవాళ్ళు

కారుని తొయ్యడానికి ఒక పద్ధతుంది. డ్రైవరు తాళం తిప్పి, క్లచ్ తొక్కిపట్టి, సెకండ్ గేర్‌లో వేసుకుని కూర్చుంటాడు. వెనక ముగ్గురు చేతులు డిక్కీకి ఆనించి, అద్దం జోలికి పోకుండా, ఆపకుండా తొయ్యాలి. మనిషి పరుగంత వేగం అందుకోగానే డ్రైవరు క్లచ్ మీంచి ఠక్కున కాలు తీసేస్తాడు. బండి ఒక్క కుదుపు కుదిపి, రెండుసార్లు దగ్గి, అంటుకుంటుంది. ఆ తర్వాత వెనకున్నవాళ్ళకి మిగిలిన పని ఒకటే, పొగ మొహాన పడకుండా పక్కకి తప్పుకోవడం.

1997 నుంచి 2004 దాకా తెనాలిలో మా ఇంటి ముందు ఈ తంతు వారానికి రెండుసార్లైనా జరిగేది. మా నాన్న బ్యాంకులో క్లర్కు. 1982 నాటి ప్రీమియర్ పద్మినిని 42 వేలకి కొన్నాడు. ఆయన దానికి మూడో ఓనరు. కాగితాల్లో పద్మిని అని ఉన్నా ఊళ్ళో ఎవరూ అలా అనేవాళ్ళు కాదు, అది ఫియట్టే. లేత నీలం రంగు, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, సైకిలు చక్రాన్ని గుర్తుకుతెచ్చే సన్నటి స్టీరింగు. పొద్దున్నే స్టార్టవకపోవడం పూర్తిగా బండి తప్పు కాదు. కొత్త బ్యాటరీ కొనడాన్ని నాన్న ప్రతి నెలా వచ్చే నెలకి వాయిదా వేసేవాడు. తోస్తే స్టార్టయ్యేదానికి డబ్బులు తగలెయ్యడం ఎందుకని ఆయన వాదన.

ఇంజనీరింగ్ చదివాక తెలిసింది, ఆ వాదనలో విషయముందని. ఇంజన్ని తిప్పే సెల్ఫ్ మోటారుకి వంద ఆంపియర్లకి పైనే కరెంటు కావాలి. స్పార్క్ పుట్టించే కాయిల్‌కి మూడు నాలుగు చాలు. అంటే సెల్ఫ్ తిప్పలేని నీరసపు బ్యాటరీ కూడా స్పార్క్ ఇవ్వగలదు. మోటారు చెయ్యాల్సిన ఆ పెద్ద పని మాత్రం ఇంకెవరైనా చెయ్యాలి. మా వీధిలో ఆ పని చేసింది ఎదురుగా టీ బడ్డీ ఆయన, రిక్షా స్టాండులో ఎవరుంటే వాళ్ళు, స్కూలు యూనిఫాం వేసుకుని సిగ్గుతో చచ్చిపోతున్న నేను.

పాత కార్ల మీద ముచ్చటైన జ్ఞాపకాలు చాలామంది రాశారు. నేనూ ఒకటి రాద్దామని కూర్చుని, సగం రాశాక ఆఫీసులో ఒక మాట విని చెరిపేశాను. ఆ మాట సంగతి తర్వాత చెప్తాను. ముందు, ఇటలీలో 1960లలోనే తయారీ ఆపేసిన మోడల్ కారు 1997లో తెనాలి బ్యాంకు క్లర్కు ఇంటి ముందు ఎందుకుందో చూడాలి.

మూడు కార్ల దేశం

బిర్లాలు హిందుస్తాన్ మోటార్స్‌ని 1942లో మొదలుపెట్టారు. వాల్‌చంద్ హీరాచంద్ బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ని 1944లో పెట్టాడు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వచ్చింది. వీళ్ళకంటే ముందునుంచే ఫోర్డ్, జనరల్ మోటార్స్ ఇక్కడ ఉన్నాయి. విడిభాగాలు ఓడల్లో తెప్పించి, ఇక్కడ బిగించి అమ్మేవి. 1953లో టారిఫ్ కమిషన్, విడిభాగాలని క్రమంగా ఇక్కడే తయారుచేసే ప్రణాళిక ఉన్నవాళ్ళకే చోటు అంది. ఆ రెండు అమెరికన్ కంపెనీలూ సర్దుకుని వెళ్ళిపోయాయి.

చివరికి మధ్యతరగతివాడు కొనగలిగినవి, అంటే కొనాలని కలగనగలిగినవి, మూడు మిగిలాయి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మన దగ్గర అంబాసిడర్ అయింది. ఇటలీ ఫియట్ 1100 బొంబాయి కుర్లాలో తయారై, 1970లలో పద్మినిగా పేరు మార్చుకుంది. ట్రయంఫ్ హెరాల్డ్ స్టాండర్డ్ హెరాల్డ్ అయింది. ఏ కంపెనీ ఎన్ని కార్లు చెయ్యాలో లైసెన్సు చెప్పేది. 1969లో ప్రభుత్వం ధరని కూడా చట్టంతో కట్టేస్తే, కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. 1970లలో దేశం మొత్తం మీద ఏడాదికి తయారైన కార్లు 50 వేల లోపే. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. పేరు జాబితాలో ఉండటమే ఒక ఆస్తి.

ఇరవైల్లో ఉన్నప్పుడు నాకు ఇదంతా శుద్ధ మూర్ఖత్వంలా కనిపించేది. నాన్నతో వాదించేవాణ్ణి కూడా.

"ప్రపంచం ఎక్కడికో పోతుంటే మీకు ముప్ఫై ఏళ్ళు ఒకే కారు అమ్మారు నాన్నా. మీరేమో దాన్ని ముద్దుచేశారు."

"మాకు దొరికింది అదిరా. దొరికినదాన్ని ముద్దుచెయ్యకపోతే ఏం చేస్తాం?" అనేవాడాయన.

ఇప్పుడు అంత ధీమాగా వాదించలేను. విదేశీ మారకం కొరత కల్పితం కాదు. తిండిగింజలు దిగుమతి చేసుకుంటున్న దేశం, ఉన్న కొద్ది డాలర్లలో కార్లకెంత, లారీలకెంత, బస్సులకెంత అని లెక్క వేసుకోవడంలో తప్పేముంది? ఇక్కడే తయారుచెయ్యాలన్న పట్టుదల వల్ల పిస్టన్లూ స్ప్రింగులూ గాస్కెట్లూ చేసే చిన్న ఫ్యాక్టరీలు బతికాయి. అయితే పోటీ లేని చోట కంపెనీకి కారు బాగుచెయ్యాల్సిన అవసరం లేకుండా పోయిందన్నదీ అంతే నిజం. ఆ పని కంపెనీ చెయ్యలేదు కాబట్టి మెకానిక్కులు చేశారు.

గుడ్డ తడిపి పంపు మీద వెయ్యడం

మోడల్ మారని బండికి ఒక గొప్ప సుఖముంది. 1965 ఫియట్ మీద పని నేర్చుకున్నవాడు 1995 పద్మినిని కళ్ళు మూసుకుని విప్పగలడు. ఒకే సాఫ్ట్‌వేర్ ముప్ఫై ఏళ్ళు మారకుండా నడిస్తే దాంట్లో ఏ బగ్గు ఎక్కడుందో క్యాంటీన్ కుర్రాడిక్కూడా తెలిసిపోతుంది కదా, అలా. ఆ తెలివి పుస్తకాల్లో లేదు, షెడ్లలో ఉండేది. బెజవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వీధులకి వీధులే ఆ తెలివితో నిండిపోయాయి. ఒక వీధిలో రేడియేటర్లు, ఇంకో వీధిలో టింకరింగు, మరో చోట పాత బండి విప్పి ముక్కలుగా అమ్మేవాళ్ళు.

మా ఫియట్‌ని చూసే మెకానిక్ భాయ్ షెడ్డు మాకు రెండు వీధులవతల. ప్లాటినం పాయింట్లు నల్లబడితే గరుకు కాగితంతో రుద్దేవాడు. వాటి మధ్య సందు కొలవడానికి గేజీ ఉన్నా తియ్యడు, సిగరెట్ పెట్టె అట్ట మడిచి పెట్టి సరిచూసేవాడు. కార్బొరేటర్ జెట్‌లో నలక పడితే నోటితో ఊదేవాడు, ఆ పెట్రోలు వాసన సాయంత్రం దాకా ఆయన మాటలో ఉండేది. మే నెలలో గుంటూరు వెళ్తుంటే దారిలో బండి ఆగిపోయేది. ఇంజన్ పక్కనే ఉండే పెట్రోలు పంపు వేడెక్కి, లోపల పెట్రోలు ఆవిరై, పంపు గాలినే లాగుతుండేది. తువ్వాలు తడిపి పంపు మీద వేసి పది నిమిషాలు చెట్టు కింద కూర్చోవాలి. ఆ కిటుకు భాయ్ నాన్నకి చెప్పాడు, నాన్న నాకు చెప్పాడు. నేను ఎవరికీ చెప్పక్కర్లేకుండా పోయింది.

ఎందుకంటే అప్పటికే మారుతి వచ్చేసింది. సంజయ్ గాంధీ 1971లో మొదలుపెట్టిన చిన్న కారు కల ఆయన బతికుండగా తీరలేదు. 1981లో ప్రభుత్వం మారుతి ఉద్యోగ్‌ని పెట్టింది, మరుసటేడు సుజుకితో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలని హర్‌పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి చేతికిచ్చింది. నంబరు డీఐఏ 6479. 2010లో చనిపోయేదాకా ఆయన ఆ కారు వదల్లేదు. మొదటి కారు మీద మమకారానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

నా మొదటి కారు కూడా మారుతి 800. 2012లో హైదరాబాదులో 85 వేలకి కొన్నాను, 2003 మోడల్. తెనాలి తీసుకెళ్ళి భాయ్‌కి చూపించాను. బానెట్ ఎత్తి, కాసేపు చూసి, దించేశాడు. "దీనికి చోకూ లేదు, కార్బొరేటరూ లేదు. ఇక నాతో పనేంటి బాబూ?" అన్నాడు. ఆయన మాటలో మెచ్చుకోలుందో దిగులుందో నాకు అప్పుడు తెలీలేదు. నా దగ్గరున్న పదకొండేళ్ళలో ఆ బండిని ఒక్కసారి కూడా ఎవరూ తొయ్యలేదు.

క్యాంటీన్‌లో విన్న మాట

అంబాసిడర్, మారుతి 800 రెండిటి తయారీ 2014లోనే ఆగిపోయింది. పద్మిని ఇంకా ముందే ఆగినా బొంబాయిలో నలుపు పసుపు టాక్సీగా బతికింది. అక్కడ టాక్సీ వయసు 20 ఏళ్ళు దాటకూడదు. చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది, అంటే 2023 అక్టోబరు చివరికి దాని కాలం తీరిపోయింది. నా 800కి కూడా రిజిస్ట్రేషన్ గడువు ఆ ఏడాదే ముగిసింది. 15 ఏళ్ళు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ పొడిగించే ఫీజుని కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5 వేలకి పెంచింది. ఫీజూ, రిపేర్లూ, ఫిట్‌నెస్సూ లెక్కేసుకుని పాత ఇనుము వ్యాపారికి 22 వేలకి ఇచ్చేశాను.

బొంబాయి టాక్సీల వార్త వచ్చిన రోజు మా ఆఫీసు క్యాంటీన్‌లో అందరం జ్ఞాపకాల్లో పడ్డాం. ఒకరి తాతగారికి అంబాసిడర్, ఒకరి మేనమామకి హెరాల్డ్. నేను ఫియట్‌ని తోసిన కథ చెప్పాను, అందరూ నవ్వారు. మా టీంలో పాలమూరు వైపు అబ్బాయి ఒకతను అంతసేపూ వింటూ కూర్చున్నాడు. చివర్లో అన్నాడు:

"మేం కూడా తోసినం అన్నా. మా గల్లీ మూలమీద డాక్టరు సారు కారు. పొద్దున పొద్దున మా నాయిన, నేను. స్టార్టయినంక ఆయన చెయ్యి ఊపి పోతుండె. ఎన్నడూ ఎక్కించుకోలే. ఎక్కించుకుంటడని మేం అనుకోలే కూడా."

అతని గొంతులో కోపమేమీ లేదు. టీ తాగేసి లేచాడు. నేను ఆ రాత్రి నా వ్యాసం తెరిచి చూసుకుంటే, టీ బడ్డీ ఆయనా రిక్షావాళ్ళూ దాంట్లో ఒకే ఒక్క వాక్యంలో ఉన్నారు: "వీధి వీధంతా మా కారుకి చెయ్యేసేది." ముచ్చటగా ఉందనుకుని రాసిన వాక్యం అది.

2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కారో జీపో వ్యానో ఉన్న ఇళ్ళు నూటికి రెండున్నర. 2011కి కూడా 4.7 మాత్రమే. అంటే మనం "ఆ తరం జ్ఞాపకం" అని రాసుకునేది నూటికి ఇద్దరు ముగ్గురి జ్ఞాపకం. మిగతావాళ్ళకీ ఆ కార్లు గుర్తున్నాయి, వెనకనుంచి. డిక్కీ మీద ఎండకి కాలిన అరచేతులుగా, సైలెన్సరు పొగగా. సరుకు కొరత గురించి మాట్లాడేటప్పుడు కారు దొరకనివాడి కష్టం చెప్తాం. కారు అడగాలన్న ఊహే రానివాడు ఆ లెక్కలోకే రాడు.

తూర్పు జర్మనీ ట్రబాంట్ కారుదీ ఇలాంటి కథే. పదేళ్ళకి పైగా ఎదురుచూస్తేగానీ చేతికొచ్చేది కాదు. 1989లో గోడ కూలాక జనం దాన్ని వదిలించుకున్నారు. ఇప్పుడు బెర్లిన్‌లో టూరిస్టులు సరదాగా అద్దెకి తీసుకుని తిరుగుతారు. గత్యంతరం లేక నడిపిన బండి, గత్యంతరం దొరికాక ముద్దొస్తుంది. నాకూ అలాగే ముద్దొచ్చింది. అయితే ఆ ముద్దు నిజం కాదని అనలేను. ఆ తడి తువ్వాలూ, ఆ చెట్టు నీడా, బండి అంటుకోగానే నాన్న మొహంలో వెలుగూ, ఏదీ అబద్ధం కాదు. పూర్తి నిజం మాత్రం కాదు.

మొన్న నాన్నకి ఫోన్ చేసి అడిగాను. "మన ఫియట్‌ని తోసినవాళ్ళని ఎప్పుడైనా ఎక్కించుకున్నామా నాన్నా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "టీ కొట్టు ఆయన కూతురి పెళ్ళికి కారిచ్చాం కదరా. నువ్వు హాస్టల్లో ఉన్నావు. పెళ్ళికొడుకుని స్టేషన్ నుంచి తీసుకొస్తుంటే బోసు రోడ్డులో ఆగిపోయింది. దిగి అతనూ తోశాడు పాపం, బాసికం కట్టుకునే." చెప్తూ చెప్తూ నవ్వు ఆపుకోలేకపోయాడు. నేనూ నవ్వాను.

నవ్వు ఆగాక, "రిక్షావాళ్ళని మాత్రం లేదు. అడగలేదు వాళ్ళు. నేనూ అడగలేదు," అన్నాడు.

ఏడేళ్ళు, వారానికి రెండుసార్లు. ఒక్క పెళ్ళితో ఆ లెక్క తేలదని ఆయనకీ తెలుసు. ఆ వాక్యం తీసేసి ఈ వ్యాసం మళ్ళీ మొదటినుంచి రాశాను.