ఇసుక కాపాడిన ముత్యాల పట్టణం

దోహా నుండి వాయవ్య దిశగా దాదాపు 100 కిలోమీటర్లు ప్రయాణించినవారికి తీరమైదానంలో మొదట కనబడేది ఒక చతురస్రాకారపు కోట. సందర్శకులలో పలువురు దానినే అల్ జుబారా అనుకొని, ఛాయాచిత్రాలు తీసుకొని వెనుదిరుగుతారు. ఆ కోట వయస్సు చాలా తక్కువ. షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్ అల్ థానీ పాలనలో, 1938లో కట్టినది. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన అసలు పట్టణం దానికి ఆవల, సముద్రపుటొడ్డున, అధికభాగం ఇసుక క్రిందనే ఉన్నది.

18వ శతాబ్ది మధ్యకాలంలో కువైట్ నుండి వచ్చిన వర్తకులు స్థాపించిన పట్టణమిది. ముత్యాలే దాని ప్రాణం. వేసవిలో దాదాపు నాలుగు నెలలపాటు గజ ఈతగాళ్ళు నడిసముద్రంలో పడవల మీదనే గడిపేవారు. ముక్కుకు బిగింపు, కాలికి రాతిబరువు, మెడలో బుట్ట. ఇంతకుమించి పనిముట్లు లేవు. నాఖుదా, అంటే పడవ నాయకుడు, ముందుగా ఇచ్చిన అప్పు తీరకపోతే మరుసటి ఏడు మళ్ళీ మునగవలసిందే. అక్కడ దొరికిన ముత్యాలు హిందూ మహాసముద్రపు రేవుల దాకా చేరేవి. 1811లో పట్టణం ధ్వంసమయింది. ఆపైన కొంత భాగంలో జనం మళ్ళీ కాపురమున్నా, 20వ శతాబ్ది తొలినాళ్ళకు అది పూర్తిగా పాడుబడింది.

2009 నుండి ఖతార్ మ్యూజియమ్స్, కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం కలిసి ఇక్కడ విస్తృతంగా పరిశోధించాయి. నడుమ ముంగిలి గల ఇళ్ళు, మసీదులు, కోటగోడలు వెలికివచ్చాయి. ఒక ఇంటి గోడపూత మీద ఎవరో గీరిన తెరచాప ఓడ బొమ్మ కూడా బయటపడింది. కొన్ని ఇళ్ళలో ఖర్జూరపు పాకం తీసే గదులున్నాయి. గచ్చునేలలో వరుసగా గాళ్ళు తీసి, పైన ఖర్జూరపు బస్తాలు పేర్చితే, ఆ బరువుకే కారిన పాకం గాళ్ళ వెంట పోయి జాడీలో చేరుతుంది. వర్తకుల వైభవం రాతిలో నిలిచినంతగా ఈతగాళ్ళ జీవితం నిలువలేదు. ఖర్జూరపు మట్టలతో అల్లిన పాకలకు మిగిలినవి గుంజలు పాతిన గుంటలే. ఆ గుంటలను సైతం ఓపికగా లెక్కకు తెచ్చినందుకు ఈ తవ్వకాలను మెచ్చుకోవాలి.

తవ్విన తరువాతనే అసలు చిక్కు. ఇక్కడి గోడలు సముద్రపు రాయి, మెత్తని సున్నపురాయి, మట్టి అడుసు, జిప్సం పూతలతో కట్టినవి. ఇసుక తొలగితే రాతిలోని ఉప్పు రాత్రి చెమ్మకు కరిగి, పగటి ఎండకు స్ఫటికాలై ఉబ్బి, రాతిని లోపలినుండి పిగుల్చుతుంది. దానికి తోడు గాలి ఒరిపిడి. అందువల్ల కొన్ని గోడలకు కొత్త పూత పూసి, తవ్విన కొన్ని భాగాలను పటాలకెక్కించి తిరిగి పూడ్చివేశారు. చూడవచ్చినవారికి ఇది నిరాశే అయినా, శాస్త్రజ్ఞులు చేసినది సరియైన పని.

తెలుగువారి అనుభవం దీనికి భిన్నమైనది. నాగార్జునకొండలో 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన జరిగిన తవ్వకాలు జలాశయపు గడువుతో పోటీపడినవి. కొన్ని కట్టడాలను కొండపైకి, మరికొన్నింటిని అనుపుకు తరలించి పునర్నిర్మించారు. లోయ మునిగిపోయింది. అక్కడ మళ్ళీ పార వేసే అవకాశం లేదు. జుబారాలో ఇప్పటికి తవ్వినది కొద్ది భాగమే. కోట దగ్గర ఆగక ఒడ్డు దాకా నడిచినవారికి కొన్ని గోడలు కనబడతాయి. మిగిలినదంతా ఇసుక దిబ్బలు, వాటి క్రింద వీధులు.